చిత్రిక వెల ఎంత?



ఈ వారం వాక్యధ్యానానికి బదులు మా సంఘంలో జరిగిన ఒక చిన్న సంగతి రాస్తున్నాను. అందులో తప్పు చేసినవాణ్ని నేనే. అందుకే దీన్ని ప్రసంగంలాగా కాకుండా ఒప్పుకోలులాగా చదవమని మనవి.

మాది కోరుట్ల దగ్గర పల్లె. మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. వడ్ల పని అతనికి తాతల నాటి నుంచి వచ్చింది. తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో చేసి నిరుడు ఇల్లు చేరాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్ పోయిన మనిషి లేని వాడ ఉండదని మీకు తెలుసు. పాస్‌పోర్టులో కార్పెంటర్ అని ఉన్నా అక్కడ చాలామందికి దొరికేది తలుపులు, కిటికీల పని కాదు. సిమెంటు పోయడానికి సెంట్రింగు చెక్కలు బిగించే పని. సిమెంటు గట్టిపడ్డాక ఆ చెక్కలు పీకి పారేస్తారు. తమ్ముడు ఎనిమిదేళ్లు అదే చేశాడు.

ఒక సోమవారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, ఒక రంద కొందామనుకుంటున్న. జర ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాడు.

పుస్తకాల్లో చిత్రిక అని రాసేదాన్నే మా వైపు పనివాళ్లు రంద అంటారు. "రంద కొనడానికి ప్రార్థన ఎందుకు తమ్ముడూ, కొనుక్కో" అన్నాను నవ్వుతూ.

"అమెరికా నుంచి తెప్పియ్యాలె. ముప్పై అయిదు వేలయితది."

నా నవ్వు ఆగిపోయింది. జగిత్యాల ఇనుప సామాను దుకాణంలో ఏడెనిమిది వందలకు రంద దొరుకుతుంది. వాళ్ల ఇంటి సంగతి కూడా నాకు ముందే తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక అతని భార్య నాతో చెప్పింది. "గా పైసలు బిడ్డ ఇంటర్ ఫీజుకని పెట్టినయి అయ్యగారూ. బీడీలు చేసి చిట్టి కట్టి ఎత్తిన. ఆయనకు మీరే ఒక మాట చెప్పుండ్రి" అంది.

నేను ఒక మాటతో ఊరుకోలేదు, అరగంట చెప్పాను. లోభం గురించి, కంటి ఆశ గురించి, ఉన్నదానితో తృప్తి పడడం గురించి చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు. లేచి వెళ్లేటప్పుడు "సరే అయ్యగారూ" అన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధనకు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

రెండో ఆదివారం సాయంత్రం మందిరంలో ఒక్కణ్నే కూర్చుని ఉంటే నా కళ్లు మూలనున్న స్పీకర్ల మీద పడ్డాయి. రెండేళ్ల కింద అరవై రెండు వేలు పెట్టి కొన్నవి. మా మందిరంలో నిండా మనుషులుంటే ఎనభై మంది. స్పీకర్లు లేకపోయినా నా గొంతు వెనక వరుస దాకా వినబడుతుంది. అవి కొన్నప్పుడు నాకు ఎవరూ లోభం గురించి చెప్పలేదు. అది దేవుని పని కోసం అని నేనే చెప్పాను, అందరూ ఒప్పుకున్నారు. నా పనిముట్టు పరిచర్య అయింది, అతని పనిముట్టు దురాశ అయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు వాళ్లింటికి వెళ్లాను. "తమ్ముడూ, మొన్న నేను నీ మాట వినకుండానే మాట్లాడాను. ఇవాళ నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నాను.

అప్పుడు చెప్పాడు. గల్ఫ్‌లో చివరి ఏడు అతన్ని సామాన్లు చేసే కార్ఖానాకు మార్చారట. అక్కడ ఫోర్‌మన్ దగ్గర అమెరికా రంద ఉండేది. ఒకరోజు ఆ పెద్దమనిషి దాన్ని ఇతని చేతిలో పెట్టి ఓక్ చెక్క మీద పట్టి చూడమన్నాడు. పది నిమిషాలు పట్టాడు. "పట్టుచీర మడత విప్పితే వస్తది చూడుండ్రి, గా చప్పుడు వచ్చింది అయ్యగారూ. పొట్టు ఎత్తి పట్టుకుంటే అవతల నా వేలు కనిపించింది. ఎనిమిదేండ్లు పీకి పారేసే చెక్కలే కొట్టిన. గా పది నిమిషాలల్ల మల్ల వడ్లోన్నయిన" అన్నాడు.

నేనేమీ మాట్లాడలేకపోయాను. దీన్నా నేను లోభం అన్నది?

అయినా బిడ్డ ఫీజు ఫీజే. కాబట్టి ముగ్గురం కూర్చుని అసలు ఆ డబ్బు దేనికి పోతుందో చూద్దామనుకున్నాం. చిన్నప్పుడు మా పక్కింటి వడ్ల పెద్దయ్య దగ్గర నేనూ కొన్నాళ్లు రంపం పట్టాను. మందిరం బల్లలు నా చేతివే. పని కొంత తెలుసు. తెలియనిది అతను చెప్పాడు.

చిత్రిక చాలా పాత పనిముట్టు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే పట్టణంలో కూడా చిత్రికలు దొరికాయి. ఇప్పుడు మనం చూసే ఇనుప రంద రూపం అమెరికాలో లెనార్డ్ బెయిలీ అనే ఆయన చేసింది. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన పేటెంట్లు కొన్నది. అప్పటి నుంచి ఆ రూపం పెద్దగా మారలేదు. ఏడు వందల రందా దాని బిడ్డే, ముప్పై వేల రందా దాని బిడ్డే. 1981లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మొదలైన లీ నీల్సన్, కెనడాకు చెందిన వెరిటాస్ ఈ ఖరీదైన రందలకు పేరుపడ్డవి. మామూలు సైజు రందకే వందల డాలర్లు. తెప్పించే ఖర్చు, పన్ను వేరే. ఇంకా పైకి పోతే స్కాట్లాండ్‌లో కార్ల్ హోల్టీ అనే పనివాడు చేసిన రందలు ఒక్కొక్కటి వేల పౌండ్లు పలికాయి.

మరి ఆ ఎక్కువ డబ్బుకు ఏమొస్తుంది? రంద అడుగు భాగం అద్దంలా చదునుగా ఉంటుంది. బ్లేడు మందంగా, మంచి ఉక్కుతో ఉంటుంది. నలభై అయిదు డిగ్రీల వాలులో అది కూర్చునే గద్దె కదలదు. కాబట్టి బ్లేడు అదరదు, చెక్క మీద అలలు పడవు. బ్లేడు మీద రెండో రేకు ఒకటి ఉంటుంది. దాన్ని అంచుకు వెంట్రుకవాసి దూరంలో బిగిస్తే పొట్టు వెంటనే విరిగి వంగుతుంది, ఎదురు పీచున్న చెక్క కూడా చీలి లేవదు. ఖరీదైన రందలో ఆ రేకు సందు లేకుండా అతుకుతుంది. పెట్టె విప్పిన రోజే కొద్దిగా నూరుకుని పని మొదలుపెట్టవచ్చు. ఇదంతా నిజం. కాదనడం అబద్ధసాక్ష్యం అవుతుంది.

చవక రందతో ఏం పోతుందో కూడా చెప్పాలి. అది నా మీదే జరిగింది. మందిరం తలుపు చేసేటప్పుడు నేను అగ్గువకు ఒక కొత్త రంద కొన్నాను. అడుగు మెలి తిరిగి ఉందని నాకు తెలియలేదు. ముందు పట్టుకుంటే వెనక లేచేది. నాలుగు రోజులు తోసి తోసి భుజం వాచింది, మంచి టేకు పలక ఒకటి చెడింది. పోయిన పలకకు, పోయిన రోజులకు లెక్క కడితే నా అగ్గువ రంద అగ్గువ కాదు. పేదవాడు చవక సరుకు కొనుక్కోవడమే భక్తి అన్నట్టు నేను చాలాసార్లు మాట్లాడాను. పేదవాణ్ని రెండుసార్లు కొనిపించేది చవక సరుకే.

అయితే ఆ రంద ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తమ్ముడు దాన్ని తెమ్మన్నాడు. మందపాటి గాజు పలక మీద ఎమరీ కాగితం అతికించి, నీళ్లు చల్లి, రెండు సాయంత్రాలు రంద అడుగును దాని మీద రుద్దాడు. బ్లేడు వెనకవైపు అద్దంలా చేశాడు. అంచును సానరాయి మీద నూరి, వెనక్కి తిరిగిన సన్నటి పొరను తోలు ముక్క మీద తీశాడు. రేకు అంచును కూడా సరిచేశాడు. మూడో రోజు అదే టేకు ముక్క మీద పట్టాడు. పొట్టు ఉల్లిపొరలా లేచింది. నేను నా చేతిలోని రందను, అతని చేతిని మార్చి మార్చి చూశాను. అది నా భుజం వాపించిన రందే.

"అమెరికా దాని లెక్క ఉన్నదా?" అడిగింది అతని భార్య.

అతను అబద్ధం చెప్పలేదు. "లేదు. గీ చెక్క మీద పన్నెండణాలు వచ్చింది. ఎదురు పీచు వస్తే గంత గూడ రాదు. పదును గూడ జల్ది పోతది."

ఆ పన్నెండు అణాలు సాన నుంచి వచ్చాయి. మిగతా నాలుగు అణాలకు ముప్పై నాలుగు వేలు. ఆ నాలుగు అణాలు ఎవరికి అవసరం అన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు మాకు సిరిసిల్లలో దొరికింది. ఒక బంధువు ఇంట్లో ప్రార్థన ఉండి, కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా బండి మీద ఇద్దరం వెళ్లాం. ఆ ఇంటి వెనక కొట్టంలో విప్పేసిన చేమగ్గం ఒకటి ఉంది. ఇప్పుడు సిరిసిల్ల అంతా మరమగ్గాల చప్పుడే. తమ్ముడు ఆ మగ్గం కొయ్యల మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. నాడె పరుగెత్తే పలక మీద నా వేలు పట్టి రాయించాడు. ఎన్నో ఏళ్ల దుమ్ము కింద కూడా నున్నగా ఉంది. "ఇండ్ల ఒక్క పెచ్చు లేచినా దారం తెగుతది అయ్యగారూ. మనిషి కన్ను మోసపోతది గని దారం మోసపోదు" అన్నాడు. పక్కనే గోడకు ఆ మగ్గం చేసిన వడ్లాయన రంద వేలాడుతోంది. తుమ్మకొయ్య దిమ్మె, కమ్మరి కొట్టిన బ్లేడు. అంతే.

చేమగ్గం మీద అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారి ఊరు అది. మగ్గం చేసినవాడి పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు. కానీ పలక నున్నగా లేకపోతే అంత సన్నటి దారం నిలవదు.

వచ్చేటప్పుడు వేములవాడలో చాయ్ తాగుతూ అడిగాను. "కోరుట్లలో నీకు వచ్చే పని ఏంది తమ్ముడూ?"

"ప్లైవుడ్డు, సన్‌మైకా, కిచెన్ అరలు. టేకు తలుపులకు కరెంటు రంద పడుతరు. చేతి రంద తలుపు వానకు ఉబ్బితే, ఆఖరుకు సరిజేసుడుకు."

ఆ మాట చెప్పి తనే ఆగిపోయాడు. నేను దాన్ని పొడిగించలేదు. ఇంతకుముందు నేను చెప్పిన అరగంట మాటలు చేయలేని పని, అతని నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాట చేసింది. అతని పనిలో ఆ నాలుగు అణాల నునుపు సన్‌మైకా కింద దాగిపోతుంది. దారం వచ్చి తడిమి చూసేది లేదు.

బైబిలులో చిత్రిక మాట నాకు గుర్తున్న చోటు యెషయా 44వ అధ్యాయం. వడ్లవాడు నూలు వేసి, గీత గీసి, చిత్రికతో చెక్కను చక్కచేస్తాడు. చేసేది మాత్రం విగ్రహం. ప్రవక్త అక్కడ చిత్రికను నిందించలేదు, వడ్లవాడి చేతిపనితనాన్నీ నిందించలేదు. చేసినదాని ముందు మోకరించడమే అక్కడ దోషం. చేసినదానికే కాదు, చేసే పనిముట్టుకు కూడా మనిషి మోకరించగలడు. నేను స్పీకర్లకు మోకరించలేదా?

ఇంకో చోటు మొదటి సమూయేలు 13వ అధ్యాయం. ఆ దినాల్లో ఇశ్రాయేలు దేశంలో కమ్మరి లేడు. తమ పనిముట్లకు పదును పెట్టించుకోవడానికి జనం ఫిలిష్తీయుల దగ్గరకు పోవలసి వచ్చేది. ఆ మాట నేను ఎన్నోసార్లు చదివి దాటిపోయాను. సొంతంగా పదును పెట్టుకోలేనివాడు పరాయివాడి గడప తొక్కాలి అన్న సంగతి అందులో ఉంది. పనిముట్టు ఎంత ఖరీదుదైనా వారం పని చేస్తే దాని పదును పోతుంది. అప్పుడు సాన తెలిసినవాడు మిగులుతాడు, తెలియనివాడు ముప్పై వేల ఇనుప ముద్దను పట్టుకుని కూర్చుంటాడు. మొద్దుబారిన ఇనుము గురించి ప్రసంగి 10వ అధ్యాయంలో ఉన్న మాట కూడా ఇదే దారిలోది.

మన ప్రభువును సొంత ఊరివారు వడ్లవాడని పిలిచిన సంగతి మార్కు 6వ అధ్యాయంలో ఉంది. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే విశ్వాసి, ఆయన నాగళ్లు, కాడిమానులు చేసేవాడని రాశాడు. నాగలి, కాడి అంటే మన పల్లె వడ్లాయన చేసేవే. ఆయన చేతిలోని పనిముట్టు ఎంత ఖరీదుదో ఎవరూ రాయలేదు. కాడి నున్నగా లేకపోతే ఎద్దు మెడ ఒరుసుకుపోతుందని మాత్రం ఎద్దులున్న ఇంట పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ మెడ తెలుసుకునే నునుపు ఎంత అవసరమో అంత చిత్రిక పట్టాలి.

చివరికి ఏం జరిగిందో చెప్తాను. బిడ్డ ఫీజు కట్టేశారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది రకాల చేతివృత్తుల వారికి శిక్షణతో పాటు పనిముట్లకు పదిహేను వేల దాకా సాయం ఉంది. వడ్రంగం అందులో ఉంది. దానికి దరఖాస్తు పెట్టించాను. చదువుకున్నవాణ్ని, ఈ పని నేను మొదటి సోమవారమే చేసి ఉండవలసింది. ఆ సాయం అందితే డ్రిల్లు మిషను, కరెంటు రంద తీసుకుంటాడు. హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనుప రంద ఒకటి దొరికితే రెండు వేల రెండు వందలకు తెచ్చుకున్నాడు. తుప్పు తీశాడు, అడుగు రుద్దాడు, బ్లేడు మార్చాడు. మంచి సానరాళ్లకు ఇంకో మూడు వేలు పెట్టాడు. ఆ డబ్బు అతని భార్యే ఇచ్చింది. "రాయి అయితే తరుగది గద" అంది.

అమెరికా రంద మీద ఆశ పోయిందా అంటే పోలేదు. నేను పోగొట్టాలని కూడా చూడడం లేదు. సిరిసిల్ల నుంచి వచ్చాక అతను కొత్త పని ఒకటి మొదలుపెట్టాడు. పెళ్లిళ్లకు టేకు పీటలు, పూర్తిగా చేతి పని, రంగు లేకుండా. ఇప్పటికి నాలుగు అమ్మాడు. మనుషులు కూర్చునేవి, చేత్తో తడిమేవి. అవి ఏడాదికి యాభై పోయే రోజు వస్తే ఆ రంద నాలుగు అణాల తేడా నిజంగా అతని చేతికి తెలుస్తుంది, కొన్నవాడి చేతికీ తెలుస్తుంది. ఆ రోజు అతను పీటల డబ్బుతో దాన్ని కొంటే నేనే ముందు నిలబడి ప్రార్థన చేస్తాను. ఈ మాట అతనికీ, అతని భార్యకూ ఇచ్చాను.

కాబట్టి ఖరీదైన చిత్రిక ఆ డబ్బుకు తగునా అని ఎవరైనా నన్ను అడిగితే నా జవాబు ఇది. చేయి పనిముట్టును దాటి ముందుకు పోయినవాడికి తగును. అతని పనిని తడిమి చూసే దారమో, మెడో, చెయ్యో ఉంటే తగును. ఆ డబ్బు ఇంట్లో ఇంకొకరి చదువూ, ఇంకొకరి వేళ్ల నొప్పీ అయితే తగదు. సాన నేర్వనివాడికి ఏ రందా తగదు. ఇక మంచి పనిముట్టు కోరుకున్న ప్రతివాణ్నీ ఆశపోతు అనే అధికారం పాస్టర్లకు లేదు. ముందు మన మందిరం మూలనున్న వస్తువుల వెల చెప్పి, తర్వాత మాట్లాడదాం.

ఆ తమ్ముడు పోయిన ఆదివారం ఆరాధనకు వచ్చాడు. ముందుగా వచ్చి, వానకు ఉబ్బి పట్టేస్తున్న మందిరం తలుపును విప్పి, అంచు మీద నాలుగుసార్లు రంద పట్టి మళ్లీ బిగించాడు. ఎనిమిది గంటలకు అందరూ వచ్చేసరికి తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. గడప దగ్గర ఉల్లిపొరల్లాంటి పొట్టు ఇంత పడి ఉంటే మా సండే స్కూలు పిల్లలు ఏరుకుని జేబుల్లో పెట్టుకున్నారు.

ప్రభువా, మా చేతుల పనిని స్థిరపరచుము. పక్కవాడి అవసరాన్ని తూచే ముందు మా తక్కెడను సరిచేయుము. ఆమేన్.

మీ ప్రార్థనలలో మా సంఘాన్ని జ్ఞాపకం చేసుకోండి.